గీత తెగిన చోట

"ఏదో ఒకటి ఎంచుకో" అన్నాడు తిరునావుక్కరసు,
టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతా.
"ఓపెన్ సోర్సు. ఎవరూ తలుపు వెయ్యరు. నెల గడువు."

తలుపు వెయ్యని ఇంట్లోకి పోవడానికే
నాకు ఎక్కువ భయం.
చెప్పులెక్కడ విడవాలో తెలీదు.

తరమణిలో ఇంటర్న్‌లం ఏడుగురం.
నిఖిలేశ్ మొదటిరోజే పెద్దదాన్ని పట్టాడు,
లోకమంతా వాడే బ్రౌజరు.
నేనూ పోయా వాడి వెనకే.
దాని సోర్సు దించుకోడానికే రాత్రంతా పట్టింది,
లాప్‌టాప్ లోపలి ఫ్యాను పై ఫ్యానుతో పోటీ పడతా.
తెల్లారి చూస్తే, "చోటు చాలదు."
డిస్కు గురించే అన్నదనుకుంటా.

రెండోదాంట్లో, కొత్తవాళ్లకని
చీటీ అంటించి పెట్టిన చిన్న తప్పు.
నేను చదివి అర్థం చేసుకునేలోగా
పదకొండు మంది "నేను చేస్తా" అని రాసేశారు,
బస్సు ఆగకముందే కిటికీలోంచి
సీట్ల మీద తువ్వాళ్లు వేసినట్టు.

మూడోదానికి ఒక స్పెల్లింగు దిద్ది పంపా.
ఎవరో మర్యాదగా జవాబిచ్చారు,
అది తప్పు కాదు, బ్రిటన్‌లో అట్టాగే రాస్తారని.
ఆ రాత్రి మెస్సులో
నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేశా.

నా పేరు కింద ఏడాది పొడుగునా గళ్లు.
ఒక్కటీ పచ్చబడలేదు.
లెక్క తేలనప్పుడల్లా మా తాత అనేవాడు:
సున్నకు సున్న, హళ్లికి హళ్లి.

ఆదివారం నీళ్లు రాలేదు.
వార్డెన్ ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తా ఉంది.
బకెట్ల వరసలో నాది అయిదోది.
ముందున్న ఫర్జానా, ఊరికే, ఫోను తిప్పి చూపించింది:
మద్రాసు చుట్టూ ఏ చెరువులో ఎన్ని నీళ్లో
గీత గీసి చూపే బుల్లి యాప్.
మా రాపూరు పక్కన కండలేరులో బయల్దేరి
కాలువపట్టి ఇక్కడికొచ్చే నీళ్లూ ఉన్నాయందులో.
వాటి దారినే వచ్చినదాన్ని కదా,
చుట్టాల్ని చూసినట్టు చూశా కాసేపు.

ఒక చెరువు గీత దిగి, దిగి,
ఒక ఎండాకాలం దగ్గర తెగిపోయింది.
నలభై రోజులు ఏమీ లేదు.
వానల్లో మళ్లీ ఎక్కడో మొదలైంది.
"కొలిచేవాడు సెలవు పెట్టుంటాడు" అంది ఫర్జానా.

ఎవరు రాస్తారా ఇది, అని వెతికితే ముగ్గురు.
ఇద్దరు ఎప్పుడో మానేశారు.
మిగిలినాయన ఇళంగోవన్, బడిలో భూగోళం చెప్తాడట,
రాత్రి పదిన్నర దాటితే గానీ పలకడు.
అసలు పట్టిక తెరిచి చూశా.
ఆ నలభై రోజులూ ఖాళీ కాదు.
సున్నా.
సున్నా.
సున్నా.

ఎవరో రోజూ పొద్దున్నే గట్టు దాకా పోయి,
నెర్రెలిచ్చిన అడుగునీ, ఎండిన కొలబద్దనీ చూసి,
ఏమీ లేదని రాయడానికి
జేబులోంచి కలం తీశారు.
ప్రోగ్రాంలో ఒక్క లైను మాత్రం
"విలువ లేకపోతే దాటెయ్" అంటా ఉంది.
దానికి సున్నాకీ, లేకపోవడానికీ తేడా తెలీదు.

ఎంచుకున్నానా అంటే ఏమో.
బకెట్ పట్టుకుని నిలబడ్డ చోట
కాలికి తగిలింది.

మార్చింది ఒక్క లైను.
ఎందుకు మార్చానో రాయడానికి మూడు గంటలు:
"సార్" అని మొదలుపెట్టి, కొట్టేసి,
మళ్లీ "సార్" అనే మొదలుపెట్టి.
"ఇంతేనా?" అన్నాడు తిరునావుక్కరసు.
కాసేపాగి, "టెస్టు రాశావా?"
రాయలేదు. అప్పుడు రాశా.

నాలుగో రాత్రి పదీ నలభైకి జవాబొచ్చింది.
"ఆ ఎండాకాలం మా పిల్లల్ని
ఆ చెరువు మధ్యలో నడిపించాను.
దుమ్ము లేచింది.
అయినా గీత తెగితే, లెక్క అందలేదనే అనుకున్నాను.
కలిపేశాను. ఉంటారు కదా?"

గీత ఇప్పుడు తెగదు.
అడుగంటా జారి, నేలకి ఆనుకుని
నలభై రోజులు పాకుతుంది.
ఫర్జానాని లేపి చూపించా.
ఒక కన్నే తెరిచి చూసి,
"కుళాయి చప్పుడవుతా ఉంది, విను" అని
బకెట్ అందుకుంది.